గీత తీసివేయుటకు ముందు



పట్టణములలో కార్లకు మెరుగు పెట్టు పని ఇప్పుడు ఒక ప్రత్యేకమైన వృత్తిగా నడుచుచున్నది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి చోట్ల ఈ పని చేయు దుకాణములు కలవు. దీనిని వారు 'డీటెయిలింగు' అందురు. అందులో రంగు మీది గీతలను పోగొట్టు పనికి 'పెయింట్ కరెక్షను' అని పేరు. కరెక్షను అనగా దిద్దుబాటు. ఈ మాట మనకు క్రొత్తది కాదు. తల్లిదండ్రులు బిడ్డలను దిద్దుదురు. ఉపాధ్యాయుడు పలకమీది అక్షరమును దిద్దును. పెద్దలు సంఘములోని వారిని దిద్దుదురు. కనుక రంగును దిద్దువాడు తన పనిలో ఏమి నేర్చుకొనునో తెలిసికొని, ఈ నెలలో ఒక ప్రశ్నను ఆలోచింతము. లోపము కనబడిన ప్రతి చోటను దానిని పూర్తిగా తీసివేయుట మేలేనా? తీయలేనిదానిని కప్పిపెట్టుట తప్పా?

"మాకు కార్లు లేవు, ఈ మాటలు మాకెందుకు?" అని కొందరు అడుగవచ్చును. ఇత్తడి బిందెను చింతపండుతో తోము ఇల్లాలికి ఈ సంగతిలో సగము ముందే తెలియును. పెండ్లినాడు పుట్టింటివారు పేరు చెక్కించి యిచ్చిన బిందె ముప్పది సంవత్సరములు తోమిన తరువాత తళతళలాడుచునే యుండును గాని, దానిమీది పేరు చదువుటకు రాదు. మెరుపు వచ్చినది, పేరు పోయినది. రెండును ఒకే చేతి పనియే.

మొదట కారు రంగు ఎట్టిదో చూతము. అది ఒకే పూత కాదు. రేకును శుభ్రపరచి, తుప్పు పట్టకుండ ఒక ద్రవములో ముంచి మొదటి పూత పట్టింతురు. దానిపై ప్రైమరు, దానిపై రంగు, అన్నిటికి పైగా రంగు లేని, గాజువంటి ఒక పొర వేయుదురు. ఆ పై పొరను క్లియర్ కోటు అందురు. 1980ల నుండి ఈ పద్ధతి కార్ల కర్మాగారములలో విస్తారముగా వ్యాపించెను. అంతకు పూర్వము చాల కార్లకు రంగే పై పొరగా ఉండెడిది. ఇప్పుడు కారుకు నిగనిగ నిచ్చునదియు, ఎండలోని అతినీలలోహిత కిరణములనుండి క్రింది రంగును కాపాడునదియు ఈ క్లియర్ కోటే.

దాని మందమెంత? మిల్లీమీటరులో వెయ్యవ వంతును మైక్రాను అందురు. పొరలన్నియు కలిసి సాధారణముగా 100 మొదలు 150 మైక్రానులు, అనగా మనము వ్రాసికొను కాగితమంత మందము, లేక కొంచెము ఎక్కువ. అందులో క్లియర్ కోటు సుమారు 40 లేక 50 మైక్రానులు మాత్రమే. లక్షల రూపాయల కారునకు అందమును రక్షణయు ఇంత పలుచని పొరమీద ఆధారపడి యున్నవి.

ఇక గీత అనగా ఏమి? అది ఆ పొరలో పడిన చిన్న పల్లము. పల్లమును దిద్దుట యెట్లు? కాంపౌండు అను రాపిడి ముద్దను స్పాంజి బిళ్లకు గాని ఉన్ని బిళ్లకు గాని రాచి, యంత్రముతో త్రిప్పి రుద్దుదురు. పల్లము పూడదు. దాని చుట్టునున్న మెరక అరిగి, పల్లపు అడుగుతో సమానమగును. అప్పుడు గీత కనబడదు. కాబట్టి సోదరులారా, ఈ దిద్దుబాటులో ఏదియు చేర్చబడుట లేదు, తీసివేయబడుచున్నది. ఒక్కొక్క తడవకు ఒకటి, రెండు, గట్టిగా రుద్దినచో అంతకు మించిన మైక్రానులు పోవును. చెట్టు బెరడువలె ఆ పొర మరల పెరుగదు. ఉన్నది ఖర్చు పెట్టుచున్నాము. మితిమీరి పలుచనైన క్లియర్ కోటు మొదట తళతళలాడును, యజమానుడు సంతోషించును. అయితే కొన్ని యేండ్లు ఎండ తగిలిన పిమ్మట అది వెలిసి, పొక్కులు లేచి, పొలుసులుగా ఊడిపోవును. అప్పటికి దిద్దినవాడు తన కూలి తీసికొని యెప్పుడో మరచిపోయి యుండును.

ఈ గీతలు ఎక్కడనుండి వచ్చుచున్నవో వినిన యెడల ఆశ్చర్యపడుదుము. వాటిలో అధిక భాగము శత్రువు గీసినవి కావు, శుభ్రము చేయు చేతులు గీసినవే. తెల్లవారుజామున ఒకడు పొడిగుడ్డ తీసికొని దుమ్ము పట్టిన కారును గబగబ తుడుచును. ఆ దుమ్ములో సన్నని ఇసుక యున్నది. గుడ్డ నేల పడినను దులిపి మరల తుడుచును. ప్రతిదినము శుభ్రమగు కారు ప్రతిదినము గీయబడుచున్నది. పని తెలిసినవాడు అట్లు చేయడు. ముందుగా నీళ్లు ధారగా పోసి దుమ్మును జార్చును. రెండు బకెట్లు పెట్టుకొనును. ఒకదానిలో సబ్బునీరు, రెండవదానిలో మంచినీరు. కారును ఒకసారి కడిగిన వెంటనే తన చేతి గుడ్డను మంచినీటిలో జాడించి, ఇసుకను అడుగునకు దింపి, తరువాతనే సబ్బునీటిలో ముంచును. పైకప్పునుండి క్రిందికి వచ్చును. చక్రములకు వేరు గుడ్డ వాడును. కడుగువాని గుడ్డ మొదట కడుగబడవలెనని ఈ పని యొక్క మొదటి నియమము. ఇతరులను కడుగబూనిన మనము మన కోపమును, మన అసూయను జాడించి వచ్చితిమా అని అడుగుకొనుట మనకును మొదటి నియమమై యుండవలెను గదా.

వెలుగును గూర్చిన సంగతి యొకటి కలదు. నీడలో నిలిపిన కారు అద్దమువలె కనబడును. ఎండలోనికి తెచ్చినచో సూర్యబింబము చుట్టును సాలెగూడువంటి సన్నని వలయములు కనబడును. చూచినవారు గీతలు గుండ్రముగా ఉన్నవనుకొందురు. నిజమునకు అవి అన్ని దిక్కులను అడ్డదిడ్డముగా పడియున్నవి. వాటిలో వెలుగునకు అడ్డముగా నున్నవి మాత్రమే మెరిసి మన కంటికి తగులును, తక్కినవి అక్కడనే యుండియు కనబడవు. మనము నాలుగడుగులు ప్రక్కకు జరిగితిమా, వలయము కూడ మనతో జరుగును. అనగా దీపము ఎక్కడ పట్టుదుమో గీతలన్నియు అక్కడనే యున్నట్లు తోచును. మన ఊళ్లలో ఒక్కొక్క కుటుంబము మీద దీపము పట్టి, "లోపములన్నియు ఆ ఇంటనే" అని చెప్పుకొనువారు ఈ మాట జ్ఞాపకముంచుకొనుట మంచిది. దీపమును మన గుమ్మము వైపు త్రిప్పిన యెడల వలయము ఇచ్చటను కనబడును.

మంచి పనివాడు యంత్రము చేతపట్టుటకు ముందు కొలుచును. రంగు మందమును కొలుచు చిన్న పరికరము కలదు. దానిని రేకు మీద ఆనించినచో పొరలన్నిటి మందమును కలిపి మైక్రానులలో చూపును. సామాన్యమైన పరికరములు పై పొర ఒక్కదానినే విడదీసి చూపలేవు. అయినను ఆ అంకెలు కారు యొక్క గతమును చెప్పును. తక్కిన భాగములలో 120 చూపి ఒక తలుపు దగ్గర 300 చూపినచో ఆ తలుపు ఎప్పుడో దెబ్బతిని మరల రంగు వేయబడినదని తెలియును. మరియొక చోట 80 మాత్రమే చూపినచో ముందు వచ్చినవాడెవడో గట్టిగా అరగదీసి పోయెనని అనుమానింపవలెను. చూపునకు రెండును ఒకే విధముగా మెరియును. కొలిచినవానికే భేదము తెలియును.

మనుష్యుల సంగతి వేరా? ఒక యువకుడు పెద్దల యెదుటకు వచ్చి నిలువబడును. అతడు ఇంటిలో తండ్రి చేతను, బడిలో ఉపాధ్యాయుని చేతను, పనిలో మేస్త్రీ చేతను నలుగురిలో చీవాట్లు తిని తిని అరిగిపోయిన వాడై యుండవచ్చును. అతనియందు మిగిలిన గౌరవపు పొర ఎంతయో మనకు తెలియదు. మొదటివారి నోట మేలు చేయు మాటయే పదవవారి నోట అతనిని పూర్తిగా చీల్చివేయవచ్చును. ఆ మాటలో తప్పు లేకపోవచ్చును, అయితే మిగిలిన పొర ఎంతయో కొలువక పలికిరి.

కొలిచిన తరువాత పనివాడు ఒక మూల చిన్న చోటు ఎన్నుకొని పరీక్షించును. అన్నిటికంటె మెత్తని బిళ్లతోను, అన్నిటికంటె సన్నని ముద్దతోను ఆరంభించును. అది చాలినచో అక్కడనే ఆగును. చాలనియెడల ఒక మెట్టు గట్టిదానికి పోవును. మొదటనే ఉప్పుకాగితము చేతబట్టడు. అంచులయందును మడతలయందును రంగు పలుచన గనుక అక్కడ టేపు అంటించి కాపాడును. గోరు పెట్టి చూచును. గోరు తట్టుకొనునంత లోతైన గీతను పూర్తిగా తీయబోయినచో పై పొరయే తెగిపోవునని ఎరిగి, దాని అంచులను కొంచెము మెత్తపరచి, "అయ్యా, ఇది ఇంతకంటె పోదు, పోగొట్టిన కారుకే నష్టము" అని యజమానునితో చెప్పి విడిచిపెట్టును. ఇది సోమరితనము కాదు. ఎక్కడ ఆగవలెనో తెలియుట ఈ పనిలో మిక్కిలి కష్టమైన భాగము.

ఈ క్రమము మనకు తెలియనిది కాదు. తప్పు చేసిన సోదరునితో మొదట ఒంటరిగా మాటలాడి, వినని యెడల ఒకరిద్దరిని వెంటబెట్టుకొని పోయి, అప్పటికిని వినని యెడలనే సంఘమునకు తెలుపుడని మత్తయి సువార్త 18వ అధ్యాయములో ప్రభువు నేర్పించెను. మెత్తని బిళ్ల మొదట, గట్టిది చివర. అయితే మన యిండ్లలోను మన కూటములలోను ఈ వరుస తలక్రిందులగుచున్నది. మొదటనే పదిమందిలో అందుము, ఒంటరిగా ఓదార్చుట తరువాతి మాట.

ఇప్పుడు కప్పిపెట్టుటను గూర్చి చెప్పవలెను. గీతలను అరగదీయక, వాటిని నూనెలతోను మైనముతోను నింపివేయు పదార్థములు కలవు. వడ్రంగి కన్నములో లప్పము పెట్టినట్లే. గంట సేపటిలో కారు పెండ్లికుమారునివలె మెరియును. నిజముగా గీతలు తీయు పనికి ఒక దినమంతయు, ఒక్కొక్కప్పుడు రెండు మూడు దినములు పట్టును. నింపిన పదార్థము కొన్నాళ్లకు, కొన్ని కడుగుళ్లకు కరిగిపోగా గీతలన్నియు మరల బయలుపడును. పైన పటారము, లోన లొటారము అనునది ఇదియే. అందుచేత నమ్మకమైన పనివాడు తాను రుద్దిన చోటును నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి చూచును. కాంపౌండులోని నూనె కూడ గీతలను కొంతవరకు దాచును గనుక, తన పని తన కంటినే మోసపుచ్చకుండ ఆ నూనెను తీసివేసి, గట్టి దీపపు వెలుగులో పరీక్షించును. తన మెరుపును తానే తుడిచి చూచుకొను ఈ అలవాటు మాకు మిక్కిలి గొప్పదిగా తోచుచున్నది.

అయితే నింపుట పాపమా? మేము ఆలా అనజాలము. పై పొర అప్పటికే పలుచనైన పాత కారు ఉన్నదనుకొనుడి. దానిని ఇంక అరగదీయకూడదు. అట్టి సందర్భములో, "ఇది గీతలు తీయదు, కొన్నాళ్లు దాచును, దీనికి ఇంత వెల" అని చెప్పి పూసినచో అందులో మోసము లేదు. అది పుండుకు కట్టిన కట్టువంటిది. తీసితినని చెప్పి నింపినచో అది అబద్ధము. పూత ఒక్కటే, చేయి ఒక్కటే. చెప్పిన మాట వేరు గనుక పని వేరయినది.

"యజమానుడు సంతోషించెను, డబ్బు ఇచ్చెను, ఇందులో ఎవరికి నష్టము?" అని అడుగువారు కలరు. ఈ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు. మొదటి నష్టము ఆ యజమానునికే. తాను కొనినది ఒకటి, పొందినది మరియొకటి, అది తెలిసికొను మార్గము అతనికి లేదు. రెండవ నష్టము ఆ కారును రేపు కొనువానికి. పాతకారును అమ్మబోవువారు ఇట్లు మెరుగు పెట్టించి చూపుట కలదు. ఎంతయో కాలము కూడబెట్టి, అప్పు చేసి, బాడుగకు త్రిప్పుకొని బ్రతుకుదమని పాతకారు కొను మన పిల్లవాడు ఆ మెరుపునకు వెల కట్టి యిచ్చును. మూడవ నష్టము ప్రక్క దుకాణములోని నిజాయితీపరునికి. అతడు రెండు దినములు వంగి పని చేసి న్యాయమైన కూలి అడుగగా, "అక్కడ గంటలో చేయుచున్నారు, సగము డబ్బే" అని అతనిని విడిచి పోవుదురు. అబద్ధపు మెరుపు నిజమైన పనివాని ముద్దను లాగుకొనును. సున్నము కొట్టిన సమాధులను గూర్చి ప్రభువు అంత కఠినముగా మాటలాడుటకు కారణము సున్నము కాదు గదా. లోపల నున్నది దాచి, చూచువారిని మోసపుచ్చుటయే కారణము.

సెరామిక్ కోటింగు అనుదానిని గూర్చియు ఒక మాట. అది రంగు మీద గట్టి పలుచని పొరగా నిలిచి, నీటిని మురికిని సులువుగా జార్చును. మంచిదే. అయితే "ఇక గీతలే పడవు" అని చెప్పి అమ్ముట సత్యము కాదు. ఇసుక గుడ్డతో రుద్దినచో దానిమీదను గీతలు పడును. మరియు క్రింది గీతలను దిద్దకుండ పైన దానిని వేసినచో అవి దాని క్రింద బంధింపబడి నిలుచును.

ఇంతవరకు చెప్పినదంతయు విని, "అయితే ఏ గీతయు తీయవద్దా?" అని అడుగకుడి. గీత వేరు, తుప్పు వేరు. గీత అందమును చెరచును, తుప్పు రేకును తినివేయును. రంగు క్రింద తుప్పు లేచినచోట మెరుగు పెట్టి లాభము లేదు, ఓర్పు పనికిరాదు. రంగంతయు గీకి, చెడిన రేకును కోసివేసి, క్రొత్త రేకు అతికి, మరల రంగు వేయవలసినదే. భార్యను కొట్టువాడు, కూలివాని కూలి ఎగగొట్టువాడు, సంఘపు సొమ్ము తినువాడు, వీరివి గీతలు కావు. "పోనీలే, ఎవరిలో లోపము లేదు" అని ఇట్టివాటిని విడుచుట కరుణ కాదు. దానివలన బాధపడువారు క్రింద నలుగుచుండగా మనము పైన మెరుగు పెట్టుచున్నట్లే. అయితే ఒక పిల్ల నత్తిగా మాటలాడుట, ఒక ముసలాయన చెప్పినదే చెప్పుట, కోడలి వంటలో ఉప్పు తక్కువగుట, ఇవి గీతలు. వీటికొరకు ఒక మనిషి గౌరవమును అరగదీయుట తగునా?

కాలిఫోర్నియాలోని పెబుల్ బీచి అనుచోట 1950 మొదలుకొని పాత కార్ల అందపు పోటీ జరుగుచున్నది. లోకములో ఇట్టివాటిలో ఇది మిక్కిలి పేరు పొందినది. అనేక సంవత్సరములు అక్కడి మొదటి బహుమానము అద్దమువలె మెరయునట్లు క్రొత్తగా బాగుచేయబడిన కార్లకే దొరకుచుండెను. 2024 ఆగస్టులో మొదటిసారిగా, క్రొత్తగా బాగుచేయక ఉన్నది ఉన్నట్లుగా భద్రపరచబడిన కారు ఆ బహుమానమును పొందెను. అది 1934 నాటి బుగాట్టి టైపు 59 స్పోర్ట్సు కారు. ఒకప్పుడు బెల్జియము రాజైన మూడవ లియోపోల్డు దానికి యజమానుడు. దాని పాత రంగు మీద కాలము వేసిన గుర్తులు అట్లే యున్నవి. వాటిని తీయుటకు ధనము లేక కాదు, నేర్పరులు లేక కాదు. తీసినచో ఆ కారు తన చరిత్రను కోల్పోవునని ఎరిగినవారు చేయి ఆపుకొనిరి. న్యాయాధిపతులు ఆ ఆపుకొనిన చేతిని గౌరవించిరి.

ఈ పనిలో ఉన్న మన యువకులకు మా మనవి. నీవు ఏమి తీసితివో, ఏమి దాచితివో, ఏమి విడిచితివో యజమానునికి మూడు మాటలలో చెప్పుము. కొన్ని బేరములు తప్పిపోవును, అది నిజమే. తప్పిపోయిన బేరము ఆ దినపు కూలిని తగ్గించును, ఆ నష్టము మాకు తెలియును, చిన్నదని మేము చెప్పము. అయినను నీ చేతిక్రింద ఉన్నది నీవు మరల ఇయ్యలేని వస్తువు. దానిని నిన్ను నమ్మి అప్పగించిరి.

మన యిండ్లలోని వారికి కూడ ఒక మనవి. రేపు ఉదయమున బిడ్డను గాని, కోడలిని గాని, పనివానిని గాని దిద్దుటకు నోరు తెరచునప్పుడు ఒక్క నిమిషము ఆగి చూడుడి. ఇది గీతయా, తుప్పా? గీతయైన యెడల ఇంతకు ముందు ఈ చోట ఎందరు రుద్దిరి? మెత్తని మాట ఒకటి ఇంకను మిగిలియున్నదా? అది మిగిలియున్నచో దానితోనే ఆరంభింపుడి. ఇతరులు లేని చోట ఆరంభింపుడి.